వదిలిన పిల్లల్లో వలకు చిక్కేవెన్ని? జలాశయాల్లో చేప పిల్లల బతుకును తేల్చే మేత, నీరు

క్లుప్తంగా: జలాశయంలో ఎన్ని లక్షల చేప పిల్లలు వదిలారన్న లెక్క వచ్చే ఏడాది దిగుబడిని చెప్పదు. వదిలాక మొదటి కొన్ని వారాల్లో వాటి నోటికి పట్టే మేత దొరికిందా, ఆ మేత పెరిగేంతసేపు నీరు నిలిచిందా, పిల్లలను తినే చేపల నోటికి అందనంత సైజుకు పిల్ల త్వరగా ఎదిగిందా అన్న మూడు విషయాలే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఒకే సంఖ్యలో పిల్లలు వదిలిన రెండు జలాశయాల్లో దిగుబడి ఎందుకు తేడా వస్తుందో, విడుదల తేదీకి ఎందుకంత విలువో ఈ వ్యాసం వివరిస్తుంది.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

తెలంగాణలో 2016 నుంచి వందశాతం సబ్సిడీతో చెరువుల్లో, జలాశయాల్లో చేప పిల్లలను వదులుతున్నారు. ఏడాదిలో కొన్నాళ్లే నీరుండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీరుండే చెరువులకు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు ఇవ్వాలన్నది నియమం. జలాశయాల్లోకి ముఖ్యంగా బొచ్చె, రవ్వ, మ్రిగాల వెళ్తాయి. ఏటా వానాకాలంలో వార్తల్లోకి వచ్చేది మాత్రం కోట్లలో చెప్పే విడుదల సంఖ్య ఒక్కటే. ఆ తర్వాతి వేసవికి ఒక సహకార సంఘం వలలు నిండుతాయి, పక్క జలాశయం సంఘానికి డీజిల్ ఖర్చు కూడా రాదు. అప్పుడు అనుమానమంతా పిల్లల నాణ్యత మీదికో, లెక్కల్లో మోసం మీదికో పోతుంది. ఆ అనుమానాల్లో కొన్ని నిజం కావచ్చు. కానీ నాణ్యమైన పిల్లలను లెక్క తప్పకుండా వదిలినా దిగుబడి పడిపోయే మార్గాలు చాలా ఉన్నాయి. వాటి గురించి మాట్లాడేవారు తక్కువ.

1990ల్లో దేశవ్యాప్త సమాచారంతో చేసిన సమీక్షలో 1,000 హెక్టార్ల లోపు చిన్న జలాశయాల సగటు దిగుబడి హెక్టారుకు 50 కిలోల దగ్గర తేలింది. 5,000 హెక్టార్లు దాటిన పెద్ద జలాశయాల్లో అది 11 కిలోలే. నీరు ఎక్కువున్న చోట చేప తక్కువ. చిన్న జలాశయంలో వదిలిన పిల్లలు ఎక్కువ శాతం పట్టుబడే సైజుకు చేరతాయి, వల వేసి పట్టడమూ తేలిక. పెద్ద జలాశయంలో వదిలిన పిల్ల ఏమైందో తెలుసుకునే దారే ఉండదు.

నోటి సైజు, మేత సైజు

గుడ్డు నుంచి బయటపడిన రవ్వ పిల్ల పొడవు అర సెంటీమీటరు ఉంటుంది. పొట్ట కింది పచ్చసొన సంచి దాదాపు మూడు రోజులు దాన్ని పోషిస్తుంది. సొన అయిపోయే లోపు నోరు తెరుచుకోవాలి, ఆ నోట్లో పట్టే జీవి పక్కనే ఉండాలి. ఆ దశలో అది మింగగలిగేది మిల్లీమీటరులో పదింట ఒకటి, రెండు వంతులుండే రోటిఫర్లనే సూక్ష్మజీవులను, రొయ్యల బంధువులైన బుల్లి కోపిపాడ్ల అప్పుడే పుట్టిన పిల్లలను. ఒక మిల్లీమీటరు దాటే డాఫ్నియా అనే నీటి ఈగ పక్కనే ఈదుతున్నా దానికి మేత కాదు. పెద్దయ్యాక రవ్వ నాచు, కుళ్లిన ఆకులు తింటుంది. మ్రిగాల అడుగు బురదలో వెతుక్కుంటుంది. బొచ్చె మాత్రం జీవితాంతం పైనీటి జంతు ప్లవకాల (నీటిలో తేలుతూ బతికే ఇలాంటి బుల్లి జీవులు, ప్లాంక్టన్‌లో ఒక రకం) మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. పసితనంలో మూడింటికీ మేత ఒకటే, జంతు ప్లవకాలు. పెద్దయ్యాక పంచుకు తినే చేపలు పిల్లలుగా ఉన్నప్పుడు ఒకే కంచం దగ్గర పోటీ పడతాయన్నమాట.

చేపల ఉత్పత్తి ఏడాదికేడాది ఎందుకు ఊగిసలాడుతుందన్న ప్రశ్నకు నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లోనే ఒక సమాధానం చెప్పారు. ఎన్ని గుడ్లు పడ్డాయన్నది కాదు, సొన అయిపోయే వేళకు మేత దొరికిందా లేదా అన్నదే ఆ ఏటి సంతతి సైజును తేలుస్తుందన్నది ఆయన వాదన. ఆయన చూసింది సముద్రపు చేపలనే అయినా ఈ తర్కం జలాశయాలకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. సముద్రంలో మేత రుతువును అనుసరిస్తుంది. జలాశయంలో అది రుతువుతో పాటు గేట్ల మీద, కాలువల మీద, కరెంటు ఉత్పత్తి మీద కూడా ఆధారపడుతుంది.

నర్సరీ చెరువుల రైతులకు ఈ సంగతి అనుభవంలో ఉంది. పిల్లలు వదిలే ముందు వారు చెరువులో వేర్వేరు చోట్ల నుంచి 50 లీటర్ల నీరు తీసి సన్నటి ప్లాంక్టన్ వలలో వడగడతారు. వల చివరి గొట్టంలో చేరినదాన్ని తేరనిస్తే అడుగున గోధుమరంగు ముద్దలా ప్లాంక్టన్ పేరుకుంటుంది. అది ఒకటిన్నర, రెండు మిల్లీలీటర్లుంటే చెరువు సిద్ధమైనట్టు. లేకుంటే ఎరువు వేసి ఇంకొన్ని రోజులు ఆగుతారు. ఇదేమీ ఖరీదైన పరీక్ష కాదు, అరగంట పని. నర్సరీలో ఇంత జాగ్రత్తగా పెంచిన పిల్లను జలాశయంలో వదిలేటప్పుడు మాత్రం నీటిలో మేత ఎంతుందో చూసే అలవాటు దాదాపు ఎక్కడా లేదు. లారీ వచ్చిన రోజే విడుదల రోజు.

మేత తక్కువైతే పిల్లలన్నీ ఒక్కసారిగా చచ్చి తేలవు, అందుకే నష్టం కంటికి కనిపించదు. ఆకలితో ఉన్న పిల్ల మెల్లగా పెరుగుతుంది. మెల్లగా పెరిగేది, దాన్ని తినే చేపల నోటి సైజులోనే ఎక్కువ రోజులు ఉండిపోతుంది. మేత కోసం ఒడ్డు గడ్డి చాటు వదిలి బయటికి కూడా ఎక్కువసార్లు వస్తుంది. చివరికి దాన్ని మింగింది వాలుగ లాంటి వేటచేపే అయినా అసలు కారణం ఆకలి. ఈ రెండు కారణాలను విడదీసి చూస్తే లెక్క తప్పుతుంది.

నీరు ఎంతసేపు నిలుస్తుంది?

ప్లాంక్టన్‌కూ కాపురానికి వ్యవధి కావాలి. వెచ్చటి నీటిలో రోటిఫర్ల ఒక తరానికి కొద్ది రోజులు చాలు. డాఫ్నియా జాతి జీవులకు వారం దాకా పడుతుంది. కోపిపాడ్లు గుడ్డు నుంచి పెద్దవి కావడానికి రెండు మూడు వారాలు కావాలి. జలాశయంలోని నీరు అంతకన్నా వేగంగా మారిపోతుంటే పుట్టినవి పుట్టినట్టే దిగువకు కొట్టుకుపోతాయి. మేత గుంపు కట్టే అవకాశమే ఉండదు.

కృష్ణా మీద ఉన్న మూడు కట్టడాలను పోలిస్తే తేడా తెలుస్తుంది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. నాగార్జునసాగర్ నిండుగా ఉంటే ఇప్పటి లెక్క ప్రకారం 312 టీఎంసీలు. 3 లక్షల క్యూసెక్కుల వరద వస్తూ, అంతే కిందికి పోతుంటే అందులోని నీరంతా మారడానికి సుమారు 12 రోజులు పడుతుంది. సుమారు 9.66 టీఎంసీల జూరాలలో అదే వరద నీటిని 9 గంటల్లో మార్చేస్తుంది. ప్రకాశం బ్యారేజీ సామర్థ్యం 3 టీఎంసీల పైచిలుకు మాత్రమే. 2024 సెప్టెంబర్ 2న అక్కడ నమోదైన 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం దగ్గర ఆ నిల్వకు సమానమైన నీరు ముప్పావు గంటలో దాటిపోయింది. ఇవి సగటు లెక్కలే. జలాశయం మూలల్లో, వాగుల నోళ్ల దగ్గర నీరు ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది, పిల్లలు బతికేది కూడా ఆ చోట్లే. అయినా జూరాలలో వరద రోజుల్లో వదిలిన పిల్లకూ, సాగర్‌లో వరద తగ్గాక వదిలిన పిల్లకూ ఎదురయ్యే పరిస్థితి ఒకటి కాదని చెప్పడానికి ఈ అంకెలు చాలు.

వరద మేతను మాత్రమే తీసుకుపోదు. నీటికి అలవాటు పడని పిల్లలు ప్రవాహంతో పాటు గేట్ల గుండా దిగువకు, కాలువల్లోకి వెళ్లిపోతాయి. కాలువలోకి పోయిన పిల్ల నీళ్లు కట్టేసిన రోజున ఏ గుంటలోనో చిక్కుకుంటుంది.

ఇంకో వైపు, వరద లేకపోయినా నష్టమే. కొత్త నీరు పొలాల నుంచి, అడవి నుంచి ఎరువును, కుళ్లిన ఆకులను తెస్తుంది. ఆ పోషకాలతో మొదట నాచు, దాన్ని తిని జంతు ప్లవకాలు పెరుగుతాయి. 2023లో కృష్ణా పరీవాహకంలో వరద సరిగా రాలేదు, సాగర్ నిండలేదు. మరుసటి ఏడాది ఆగస్టుకే గేట్లెత్తారు. వరుసగా వచ్చిన ఈ రెండేళ్లలో ఒకదాంట్లో పిల్లకు కొత్త నీటి పోషకాలు చాలలేదు, రెండోదాంట్లో పోషకాలున్నా ఆరంభంలో నీరు నిలవలేదు. పిల్లకు కావలసింది వరద వచ్చి తగ్గిన తర్వాత నాలుగైదు వారాల ప్రశాంతత.

వరుసగా కట్టిన జలాశయాల్లో మరో చిక్కుంది. ఎగువ జలాశయం పూడికతో పాటు పోషకాలను కూడా పట్టి ఉంచుతుంది. దిగువకు తేటనీరు వస్తుంది, కానీ అందులో ప్లాంక్టన్‌కు సారం తక్కువ.

బురద, వేడి, ప్రాణవాయువు

చిన్న పిల్ల మేతను చూసి పట్టుకుంటుంది. వడగట్టి తినే మొప్పల జల్లెడ బొచ్చెకు ఎదిగే కొద్దీ తయారవుతుంది. అందుకే నీటి రంగు ముఖ్యం. తెలుపు నలుపు ముక్కలున్న 20 సెంటీమీటర్ల బిళ్లను తాడుతో నీటిలోకి దించి, అది కనిపించకుండా పోయే లోతు కొలుస్తారు. బిళ్ల త్వరగా మాయమైతే కారణం రెండింట్లో ఒకటి: నీటిలో ప్లాంక్టన్ అయినా ఉండాలి, మట్టి అయినా ఉండాలి. ఆకుపచ్చ ఛాయ ఉంటే మేత, ఎర్రమట్టి రంగుంటే ఆకలి. వరద బురదలో వెలుతురు లోపలికి దిగదు, నాచు పెరగదు, ఉన్న మేత కూడా పిల్లకు కనిపించదు.

వేడి రెండు వైపులా పనిచేస్తుంది. మన కార్ప్ చేపలు (బొచ్చె, రవ్వ, మ్రిగాల) 25 నుంచి 32 డిగ్రీల మధ్య బాగా పెరుగుతాయి. వేడి పెరిగితే పిల్లకు ఆకలి పెరుగుతుంది, శ్వాసకు ఎక్కువ ఆక్సిజన్ కావాలి. కానీ వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములే పట్టగలదు. మేత బాగా ఉంటే పిల్ల వేడిని పెరుగుదలగా మార్చుకుంటుంది. మేత లేకపోతే అదే వేడి దాని ఒంటిని కరిగిస్తుంది.

ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే పిల్ల హాయిగా ఉంటుంది, 3 కిందికి పోతే తిండి మానేస్తుంది. లోతైన జలాశయాల్లో ఎండాకాలం పైనీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది. అడుగు నీరు గాలికి దూరమై, కుళ్లుతున్న పదార్థాలతో ఆక్సిజన్ పోగొట్టుకుంటుంది. అప్పుడు మ్రిగాల పిల్లకు అడుగున మేత ఉన్నా అక్కడికి దిగలేదు. గుర్రపుడెక్క కమ్మిన ఒడ్డుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. చేపలు తలలెత్తి నోళ్లు తెరుస్తుంటే కారణం అదే.

విడుదల సమయంలో జరిగే నష్టం వీటన్నిటికన్నా తేలిగ్గా నివారించగలిగేది. కైకలూరు ప్రాంతం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన పిల్ల అప్పటికే నీరసించి ఉంటుంది. ఆక్సిజన్ నింపిన కవర్లను విప్పకుండా 15, 20 నిమిషాలు జలాశయం నీటిలో తేలనిచ్చి, తర్వాత ఆ నీటిని కొద్దికొద్దిగా కవర్లోకి ఎక్కించి, పిల్లలు వాటంతట అవే బయటికి ఈదేలా చూడాలి. మిట్టమధ్యాహ్నం వేదిక మీది నుంచి బిందెలతో గుమ్మరించడం ఫొటోకు బాగుంటుంది, పిల్లకు కాదు.

నీటిమట్టం దిగితే ఏమవుతుంది?

పిల్లలకు ఆశ్రయం లోతు నీటిలో ఉండదు, ఒడ్డు వెంట ఉండే పల్చటి నీటిలో ఉంటుంది. అక్కడ వెలుతురు అడుగుదాకా వెళ్తుంది, రాళ్ల మీద, మునిగిన గడ్డి మీద నాచు పొర కడుతుంది, బురదలో ఎర్రపురుగులు పుడతాయి, దాక్కోవడానికి చోటుంటుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కాలువలకు నీరివ్వగల కనీస మట్టం 510. ఏడాదిలో ఈ ఎనభై అడుగుల మధ్య ఎక్కడికైనా దిగవచ్చు. వాలు తక్కువున్న చోట, నూరడుగులకు ఒక అడుగు వాలు ఉందనుకుంటే, మట్టం పది అడుగులు పడితే ఒడ్డు వెయ్యి అడుగులు వెనక్కి పోతుంది. నాచు పొర ఎండిపోతుంది, పురుగులు చస్తాయి, దాపు పోతుంది. ఒడ్డు వెంట ఉన్న పిల్లలు నున్నటి మట్టి అడుగు మీదికి, తినే చేపల దగ్గరికి చేరతాయి.

మట్టం నిదానంగా దిగితే పిల్లలు ఒడ్డుతో పాటు కదులుతాయి. రోజుకు అడుగున్నర చొప్పున దిగితే మేత కొత్త చోట కుదురుకునే లోపే ఆ చోటు కూడా ఎండిపోతుంది. సాగునీటికి, తాగునీటికి ప్రాధాన్యం ఉండటం న్యాయమే, చేప పిల్లల కోసం కాలువలు ఆపమని ఎవరూ అడగరు. అయితే మట్టం ఎప్పుడు పడబోతోందో నీటిపారుదల శాఖకు ముందే తెలుస్తుంది. ఆ సమాచారం మత్స్యశాఖ విడుదల తేదీని నిర్ణయించేటప్పుడు ఉపయోగపడాలి.

దీనికి పూర్తి భిన్నమైన దృశ్యం కొత్త జలాశయాల్లో కనిపిస్తుంది. పొలాలు, తోపులు, చెట్టూచేమా మునిగిన మొదటి కొన్నేళ్లు కుళ్లే పచ్చి పదార్థం నుంచి పోషకాలు పుష్కలంగా విడుదలవుతాయి. ప్లాంక్టన్ పెరుగుతుంది, చేపలు ఆశ్చర్యపరిచే వేగంతో ఎదుగుతాయి. ఆ నిల్వ కరిగాక దిగుబడి పడుతుంది. ప్రపంచమంతటా జలాశయాల్లో గమనించిన క్రమమే ఇది. 2020లో నీళ్లు నింపిన కొండపోచమ్మసాగర్, 2022లో ప్రారంభించిన మల్లన్నసాగర్ వంటి చోట్ల తొలి ఏళ్ల పట్టును శాశ్వత దిగుబడిగా లెక్కేసుకుని రుణాలు, పడవలు, లైసెన్సులు పెంచితే, పోషకాలు తగ్గే దశలో దెబ్బతినేది మత్స్యకార కుటుంబాలే.

సైజు అంటే ఏమిటి?

నలభై మిల్లీమీటర్ల పిల్లకూ ఎనభై మిల్లీమీటర్ల పిల్లకూ పొడవులో తేడా రెండింతలే. బరువులో మాత్రం దాదాపు ఎనిమిదింతలు. ఒక లారీలో పట్టే పిల్లల సంఖ్య అంత మేరకు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. అందుకే చిన్న పిల్లలు పంపాలన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. వాలుగ, కొర్రమీను, జెల్ల జాతులు ఎరను నమలవు, మింగుతాయి. నోట్లో పట్టనంత సైజు దాటితే పిల్లకు ముప్పు ఒక్కసారిగా తగ్గుతుంది. పెద్ద జలాశయాలకు నూరు మిల్లీమీటర్ల పిల్లే వదలాలని బ్యారక్‌పూర్‌లోని కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ చాలాకాలంగా చెబుతున్న కారణం ఇదే. జలాశయంలోనే పంజరాల్లో, వల కంచెల్లో పిల్లలను ఆ సైజు దాకా పెంచి వదిలితే దూరప్రయాణపు నష్టం కూడా తప్పుతుంది, ఆ నీటికి అలవాటూ పడుతుంది.

ఒడ్డున కనిపించే పిత్త పరిగెలు, తిలాపియా పిల్లను మింగకపోయినా దాని మేతను తింటాయి. పైనీటి ప్లాంక్టన్‌ను రోజంతా తినే వేల పరిగెల మధ్య బొచ్చె పిల్ల పెరగడం కష్టం. అటువంటి చోట వాలుగ కొంత ఉండటం మేలే, అది పరిగెలను కూడా తగ్గిస్తుంది.

మూడు పోలికలు

అమెరికాలోని ఒహాయో జలాశయాల్లో ఇదే విషయాన్ని దశాబ్దాలుగా పరిశీలించారు. అక్కడ లార్జ్‌మౌత్ బాస్ పిల్లలకు గిజార్డ్ షాడ్ అనే చేప పిల్లలు మేత. బాస్ ముందు పుట్టి కాస్త ఎదిగి ఉంటే షాడ్ పిల్లలను తిని వేగంగా పెరుగుతుంది. ఆలస్యంగా పుడితే షాడ్ అప్పటికే దాని నోరు దాటిపోతుంది. పైగా షాడ్ పిల్లలు లెక్కకు మించి పుట్టిన ఏడాది జంతు ప్లవకాలను ఊడ్చేసి బ్లూగిల్ వంటి ఇతర చేపల పిల్లలను ఆకలికి గురిచేస్తాయి. ఒకే చేప ఒకరికి మేత, ఇంకొకరికి పోటీదారు. తేడా తెచ్చేది కొద్ది వారాల తేదీలే.

హిమాచల్ ప్రదేశ్‌లో భాక్రా డ్యామ్ వెనకున్న గోబింద్‌సాగర్‌లో 1971లో వరద వల్ల, బొచ్చెలాగే ప్లాంక్టన్ తినే విదేశీ చేప సిల్వర్ కార్ప్ అనుకోకుండా చేరింది. చల్లటి నీరు దానికి సరిపోయింది, అక్కడే సంతతి పెంచుకుంది. అంతకుముందు బాగా దొరికే బొచ్చె క్రమంగా తగ్గిపోయింది.

శ్రీలంక కథ వేరు. 1950ల ఆరంభంలో అక్కడి చెరువులకు తెచ్చిన మొజాంబిక్ తిలాపియా తల్లి గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే పెట్టుకుని కాపాడుతుంది. దానికి ప్రవాహం అక్కర్లేదు, నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. యోర్ట్ చెప్పిన ప్రమాదకర దశను తల్లి నోరే దాటించేస్తుంది. అందుకే అక్కడ ఏటా పిల్లలు వదలకుండానే దశాబ్దాలు దిగుబడి వచ్చింది. మన బొచ్చె, రవ్వలు కొత్తనీటికి ఎదురెక్కి, ముంపు పల్లాల్లో గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కిలో బరువుకు రెండు లక్షల గుడ్లున్నా తల్లి కాపలా ఉండదు. ఎదురెక్కే దారిలో మరో డ్యామ్ అడ్డుంటే అదీ జరగదు. ఏటా బయటి నుంచి పిల్లలు తెచ్చి వదలాల్సి రావడానికి మూలం ఇక్కడుంది.

విడుదల తేదీ జారితే

టెండర్లు ఆలస్యమై విడుదల అక్టోబర్, నవంబర్‌కు జారిన ఏడాది పిల్లకు రెండు నష్టాలు జరుగుతాయి. వరద తెచ్చిన పోషకాలతో పెరిగిన ప్లాంక్టన్ ఉచ్చదశ అప్పటికి దాటిపోవచ్చు. నీరు చల్లబడి పెరుగుదల మందగిస్తుంది, యాసంగి కాలువలు మొదలై మట్టం దిగడం కూడా అప్పుడే. వేసవిలో వల పడే నాటికి చేప కిలోకు చేరదు. అవసరం ఆగనివ్వదు కనుక చిన్న కన్ను వలలతో ఎదగని చేపనే పడతారు. మరీ ముందుగా, జూలై వరదల మధ్య వదిలినా నష్టమే, అది గేట్ల గుండా పోతుంది. సరైన తేదీ క్యాలెండర్‌లో దొరకదు, జలాశయానికో తేదీ ఉంటుంది.

దానికి కావలసిన సమాచారంలో సగం ఇప్పటికే సేకరిస్తున్నారు. ప్రతి పెద్ద జలాశయం మట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో రోజూ ప్రకటిస్తారు. వాటికి ప్లాంక్టన్ వల కొలత, నీటి ఉష్ణోగ్రత, ఉదయపు ఆక్సిజన్ కొలత చేర్చి, ఎంత సైజు పిల్లలను ఏ మూలన ఏ తేదీన వదిలారో సంఘం రిజిస్టర్‌లో రాసుకుంటే మూడు నాలుగేళ్లలో ఆ జలాశయం స్వభావం తెలుస్తుంది. అప్పుడు ఏ సంఘానికైనా తన దిగుబడి పడిపోయిన ఏడాది, పిల్ల బలహీనమైనదా, నీరు నిలవలేదా, మేత పుట్టలేదా అని ఆధారంతో అడిగే వీలుంటుంది.